ఏడాది దాటింది, గేటు దగ్గర ఒక్కరూ నా పేరు అడగలేదు

ప్రశ్న: మేడం, నా వయసు 33. మాది తణుకు దగ్గర పల్లెటూరు. మావారి ఉద్యోగం కోసం పోయినేడు జూన్‌లో హైదరాబాద్ వచ్చి నిజాంపేటలో అద్దెకుంటున్నాం. పాప రెండో తరగతి. మూడుంబావుకి స్కూలు వదిలితే నేనే స్కూటీ మీద వెళ్ళి తెచ్చుకుంటాను. గేటు పక్కన కానుగ చెట్టు కింద ఏడెనిమిది మంది తల్లులు రోజూ గుంపుగా ఉంటారు. నేను దగ్గరికెళ్తే మాటలు ఆపేస్తారు. తెల్ల కారులో వచ్చే ఒకావిడ నా మాట విని "ఆయ్" అంటూ నవ్వింది. ఆవిడ తన కూతురి పుట్టినరోజుకి క్లాసులో పది మందిని పిలిచి మా పాపని వదిలేసింది. వాట్సాప్ గ్రూపులో నేనేదైనా అడిగితే జవాబే ఉండదు. పోయినేడు స్కూల్లో బతుకమ్మ రోజున అందరూ పూలతో వెళ్తే మా పాప ఒక్కతే ఖాళీ చేతులతో వెళ్ళింది, నాకెవరూ చెప్పలేదు. మూడు గంటలవుతుంటే గుండె దడ మొదలవుతుంది. మావారేమో "నీకు పనిలేక" అంటారు. ఊళ్ళో ఆరేళ్ళు టీచరుగా చేశాను. ఇక్కడ ఫలానా పాప మమ్మీ అంటారే గానీ నా పేరు ఎవరికీ తెలీదు. టిఫిన్ సంచి పట్టుకుని గోడవారగా నిలబడే ఒకావిడ మాత్రం రెండుసార్లు నవ్వింది. స్కూలు మార్చేద్దామా? తప్పు నాలోనే ఉందా?

జవాబు: మీ ఉత్తరం చాలా పెద్దది, పైన కుదించి వేశాం. మొదటిసారి చదివినప్పుడు తెల్ల కారు ఆవిడ మీద నాకూ కోపం వచ్చింది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. నాలుగు పేజీల్లో ఆవిడ తొమ్మిది సార్లు వచ్చింది. మీ పాప బడికి వెళ్ళనని మారాం చేసిందనీ, స్నేహితులు లేరనీ, పుట్టినరోజుకి పిలవలేదని ఏడ్చిందనీ ఒక్కచోట కూడా లేదు. పైగా మూడో పేజీలో పక్క బెంచీ పిల్లతో రోజూ పెరుగన్నం మార్చుకుని తింటోందని మీరే రాశారు. ఆ రాత్రి ఏడ్చింది మీరు. అందుకని ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను, స్కూలు మార్చకండి. పాపకి ఆ స్కూలు బాగానే ఉంది. మళ్ళీ ఫీజు కట్టి, టీసీ తీసుకుని, యూనిఫాం కుట్టించి ఇంకో బడికి వెళ్తే అక్కడా ఒక గేటు ఉంటుంది, దాని పక్కన ఒక చెట్టూ ఉంటుంది.

మా అబ్బాయి కోసం నేను తొమ్మిదేళ్ళు గేటు దగ్గర నిలబడ్డాను, ఆ మనుషులు నాకు బాగా తెలుసు. హెల్మెట్ తియ్యని నాన్న ఒకాయన ఉండేవాడు. ఇంజన్ కూడా ఆపడు, పిల్లాడు బ్యాగుతో సహా ఎక్కి కూర్చోగానే మాయం. మూడేళ్ళు చూశాను, ముఖం తెలీదు, హెల్మెట్ మీది గీత మాత్రం ఇప్పటికీ గుర్తుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగులోనే ఉండిపోయే అమ్మ ఒకరు, ఒక చేత్తో పిల్ల చెయ్యి పట్టుకుని "యెస్ యెస్, సాయంత్రంలోగా పంపిస్తాను" అంటూ నడిచేది. పాపం ఆవిడకి గర్వం అని పేరు పెట్టాం. ఇంకొకావిడ గేటు దగ్గర ఉన్నంతసేపూ కూతురితో ఇంగ్లీషే. ఓరోజు ఆ పిల్ల రోడ్డు మీదికి ఉరికితే "ఒసే ఆగవే, కారొస్తోంది" అని గుంటూరు మొత్తం వినపడింది. ఆ రోజు నుంచే ఆవిడంటే నాకు ఇష్టం కలిగింది. ఫీజులు పెంచారని గ్రూపులో రాత్రి పదకొండింటికి పేజీలు పేజీలు రాసే నాన్న ఉంటాడు, పొద్దున ప్రిన్సిపాల్ ఎదురైతే "నమస్తే మేడం, స్కూలు చాలా బాగా నడుపుతున్నారు మేడం" అంటాడు. అందరికంటే హాయిగా ఉండేవాళ్ళు తాతయ్యలు. గొడుగు, మంచినీళ్ళ సీసా, జేబులో ఒక బిస్కెట్ పొట్లం, ఎవరి పిల్లలైనా పేరు పెట్టి పిలుస్తారు, ఏ పిల్లాడికి జలుబో వాళ్ళకే ముందు తెలుస్తుంది, ఎవరి మార్కులూ వాళ్ళకి అక్కర్లేదు.

మార్కుల ఆవిడ లేని గేటు ఉండదు. "మీ పాపకి ఎంతొచ్చాయి" అని అడుగుతుంది, మీరు నోరు తెరిచేలోపే "మావాడికి అరమార్కు పోయిందండీ, రాత్రంతా ఒకటే ఏడుపు" అనేస్తుంది. మీ ఉత్తరంలో కూడా ఉందావిడ. కొడుకు అబాకస్‌కి, ఒలింపియాడ్‌కి, ఐఐటీ ఫౌండేషన్‌కి వెళ్తున్నాడనీ, మీ పాప ఎక్కడికీ వెళ్ళట్లేదనీ మీకు బెంగ పట్టుకుంది. రెండో తరగతి పిల్లకి ఫౌండేషనేంటండీ! ఒకటి, రెండు తరగతుల పిల్లలకి అసలు హోంవర్కే ఇవ్వొద్దని, బ్యాగు కిలోన్నర దాటకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. ఎవరూ పాటించట్లేదు, అది వేరే సంగతి. ఆవిడ మీ పాపని తక్కువ చెయ్యడానికి అలా మాట్లాడుతోందని నేననుకోను, తన భయానికి మీ దగ్గర మందు అడుగుతోంది. మీరు "మా పాప సాయంత్రం ఆడుకుంటుందండీ" అని ఊరుకోండి. అంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇక మీ అసలు బాధ, చెట్టు కింద గుంపు. నేను ఇప్పుడు చెప్పేది కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్తాను. నేనూ అలాంటి గుంపులోనే ఉండేదాన్ని.

మాది చెట్టు కాదు, స్కూలు ఎదురుగా మూసేసిన జిరాక్స్ షాపు రేకుల కింద నిలబడేవాళ్ళం. ఆరుగురం. ఒక ఏడాది మాలో ఒకావిడ భర్తకి ఉద్యోగం పోయింది, రెండో టర్మ్ ఫీజు కట్టలేదు, స్కూలు నుంచి రోజూ ఫోన్లు. మేం నడుపుకునే చిన్న చీటీలో ఆ నెల పాట ఆవిడకే వదిలేద్దామా, వదిలేస్తే మిగతావాళ్ళు ఏమంటారు, ఆవిడ తీసుకుంటుందా, నొచ్చుకుంటుందా అని దాదాపు రెండు వారాలు అదే మాట. ఎవరైనా దగ్గరికొస్తే టక్కున ఆపేసేవాళ్ళం, ఆవిడ పరువు విషయం మరి. చాలా ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర పక్కన కూర్చున్నావిడ నన్ను గుర్తుపట్టి "మీ గుంపంటే నాకు భలే భయంగా ఉండేదండీ, నన్ను చూడగానే మాటలాపేసేవాళ్ళు, మా అబ్బాయిని ఆ స్కూల్లోంచి తీసేయడానికి అదీ ఒక కారణం" అంది నవ్వుతూనే. నాకు ముద్ద దిగలేదు. అంతకంటే సిగ్గుచేటు ఏమిటంటే ఆవిడ ముఖం నాకు గుర్తే లేదు. మేం ఆవిడ గురించి ఏమీ అనుకోలేదు, మంచిగానూ లేదు, చెడ్డగానూ లేదు.

అన్ని రోజులూ అంత గొప్ప పనులే చేశామని అనట్లేదు. చీరల గురించీ, అత్తగార్ల గురించీ, ఎవరు కొత్త కారు కొన్నారో దాని గురించీ కూడా చెప్పుకున్నాం. ఒకరిద్దరి మీద నవ్వుకున్నాం కూడా. కాబట్టి మీ గేటు దగ్గర వాళ్ళు మీ గురించి ఒక్క మాటా అనుకోవట్లేదని నేను హామీ ఇవ్వలేను. మాటలు ఆగిపోయిన ప్రతిసారీ ఆ మాటలు మీ గురించే అయ్యుండవు, అంతవరకే చెప్పగలను.

మీ యాసకి నవ్వడం మాత్రం తప్పే, దాన్ని నేను వెనకేసుకురాను. గోదావరి వైపు "ఆయ్" అనడం మర్యాద అని తెలియక నవ్విందో, తెలిసి నవ్విందో గానీ, మీరు మాత్రం మానొద్దు. ఈసారి నవ్వితే "మా ఊళ్ళో పెద్దవాళ్ళతో ఇలాగే అంటామండీ, మీ ఊళ్ళో ఏమంటారు?" అని నిదానంగా అడగండి. కొట్లాట అక్కర్లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగితే ఎదుటివాళ్ళకి నవ్వు ఆగిపోతుంది. పేరు అడగకుండా ఇంటిపేరు అడిగేవాళ్ళు కూడా తగిలారని రాశారు. అదెందుకు అడుగుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. "సొంతిల్లా, అద్దా" అనేది కూడా అదే కొలత. పేరు, ఊరు చెప్పి మాట పాప మీదికి మళ్ళించండి.

ఈ తూకాలు వేయడం తల్లులకి ఎక్కడినుంచి అలవాటైందా అని నేను ఆలోచిస్తుంటాను. కొంత స్కూళ్ళే నేర్పాయేమో. తెల్ల కారు ఆవిడ "అడ్మిషన్‌కి మా ఇద్దరినీ ఇంగ్లీషులో ఇంటర్వ్యూ చేశారు" అని గొప్పగా చెప్పిందన్నారు కదా, 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లల్నే కాదు, తల్లిదండ్రుల్ని కూడా అలా వడపోయకూడదు. అయినా చేస్తారు, మనమూ ఇస్త్రీ బట్టలేసుకుని వెళ్ళి కూర్చుంటాం. తల్లిదండ్రులకి మార్కులేసి లోపలికి రానిచ్చిన చోట ఆ తల్లిదండ్రులు బయట నిలబడి ఒకరికొకరు మార్కులేసుకోవడంలో వింతేముంది. పైగా గేటు దగ్గర చెయ్యడానికి వేరే పనేమీ ఉండదు, పదిహేను నిమిషాలు ఒకరినొకరు చూసుకోవడమే పని. 2024 డిసెంబర్ 7న ఆంధ్రాలో ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు, అమ్మలకి ముగ్గుల పోటీ, నాన్నలకి తాడు లాగుడు కూడా పెట్టారు. అది రాజకీయమా, ప్రచారమా అనే వాదన మనకొద్దు. ముగ్గు పిండి చేతికి అంటుకున్నాక పక్కావిడ కారు రంగేంటో ఎవరూ చూడరు, నేను చెప్పేది అది. మీ స్కూల్లో ఏడాదికి మూడుసార్లు పది నిమిషాల పీటీఎం తప్ప తల్లిదండ్రులు కలిసి చేసే పని ఒక్కటీ లేదు. పరిచయాలు కాకపోవడానికి మీ ఒక్కరి స్వభావాన్నే తిట్టుకోకండి.

పుట్టినరోజు సంగతి. ఏడెనిమిదేళ్ళ పిల్లల పార్టీలు ఇప్పుడు ప్లే జోన్లలో చేస్తున్నారు, తలకింత అని ప్యాకేజీ, పది మందికో పదిహేను మందికో. పది మందికి డబ్బు కట్టినావిడ తన పిల్ల చెప్పిన పేర్లు నాలుగు, తనకి తెలిసిన తల్లుల పిల్లలు ఆరుగురు అని రాసుకుంటుంది. మీరు ఆవిడకి తెలీదు, అంతే. క్లాసులో ముప్ఫై మందికి పైనే ఉన్నారన్నారు, అంటే ఇరవై మందికి పైగా పిల్లలకి ఆ పిలుపు రాలేదు. అందులో ఎంతమంది తల్లులు మీలాగే ఆ రాత్రి ఏడ్చారో, ఎంతమంది "హమ్మయ్య, గిఫ్టు కొనే పని తప్పింది" అనుకున్నారో ఎవరికి తెలుసు.

వాట్సాప్ గ్రూపు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. అరవై మంది ఉన్న చోట "రేపు ఏ యూనిఫాం?" అని అడిగితే ఇంకెవరో చెప్తారులే అని అరవై మందీ అనుకుంటారు. మ్యూట్‌లో పెట్టండి, రాత్రి ఒకసారి చూసుకోండి, సందేహం ఉంటే డైరీలో టీచరుకి రాయండి. బతుకమ్మ మెసేజ్ కూడా ఆ గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య కిందికి వెళ్ళిపోయి ఉంటుంది, మీకు కావాలని దాచి ఉండరు.

మీ ఉత్తరంలో నాకు నిజంగా కంగారు పుట్టించిన వాక్యం వేరే ఉంది. "రోజూ బండెక్కగానే పాపని అడుగుతాను, ఇవాళ వాళ్ళమ్మాయి నీతో మాట్లాడిందా, ఎవరి పక్కన కూర్చుంది అని." దీన్ని ఇవాళ్టి నుంచే ఆపేయండి. పాప మీ ముఖం చూసి జవాబులు తయారుచేసుకోవడం నేర్చుకుంటుంది. మీకు బాధ కలగకుండా అబద్ధం చెప్తుంది, లేదా మీకు కావలసిన బాధే తెచ్చి ఇస్తుంది. డబ్బాలో కూర మిగిలిందా, ఏం ఆట ఆడారు, ఇంతవరకు చాలు. మీరు టీచరు, ఇది మీకు నేను చెప్పాలా?

టీచరు అంటే గుర్తొచ్చింది. ఆరేళ్ళు గేటు లోపల ఉన్నారు కదా, నిజం చెప్పండి, స్టాఫ్ రూములో తల్లిదండ్రులకి పేర్లు పెట్టలేదూ? రోజూ లేటుగా వచ్చే నాన్న, మార్కుల కోసం దెబ్బలాడే అమ్మ, ప్రతి చిన్నదానికీ పరిగెత్తుకొచ్చే అమ్మ అని. మీరందరూ పెట్టి ఉంటారు, ప్రేమగానే పెట్టి ఉంటారు. అప్పుడు బజారుకెళ్తే కూరగాయలామె కూడా "మేడం గారూ" అని పలకరించేది. ఆ మేడం గారు ఇప్పుడు ఎండలో హెల్మెట్ పట్టుకుని నిలబడితే వాచ్‌మన్ "బండి పక్కకి పెట్టమ్మా" అంటున్నాడు. ఈ బాధలో తెల్ల కారు ఆవిడ వాటా చాలా తక్కువండీ. ఊరు వదిలారు, ఉద్యోగం వదిలారు, రెండూ మీవారి కోసం వదిలారు, దానికి ఇంట్లో ఒక్కరూ "నీకెలా ఉంది" అని అడగలేదు. గేటు దగ్గరవాళ్ళు అడగాలని మీరు ఎదురుచూస్తున్నారు. వాళ్ళకి మీరు ఏం పోగొట్టుకుని వచ్చారో తెలీదు.

అందుకని మీవారితో ఈసారి గేటు కబుర్లు చెప్పకండి. చెప్తే ఆయన మళ్ళీ "పనిలేక" అనే అంటారు, ఒకరకంగా నిజమే, పని లేదు, ఉన్న పని మానుకుని వచ్చారు. ఆ మాటే ఆయనకి చెప్పండి. "అవునండీ, నాకు పని కావాలి, వచ్చే జూన్‌కి ఏదో ఒక స్కూల్లో చేరతాను, ఇంటి పనీ, పాప పనీ ఎలా పంచుకుందామో ఇప్పుడే అనుకుందాం" అనండి. బీఈడీ ఉంది, ఆరేళ్ళ అనుభవం ఉంది, ఫిబ్రవరి, మార్చి నుంచే ఇక్కడ స్కూళ్ళు టీచర్లని వెతుక్కుంటాయి. ఈలోగా నెలకి రెండు రోజులు పాపని ఆయన తీసుకురావాలి. "బాగానే ఉంది కదా, నాకెవరూ కనపడలేదే" అంటూ వస్తారు చూడండి. గేటు దగ్గర నాన్నల్ని ఎవరూ ఏమీ అడగరు మరి. హెల్మెట్ ఉంటుంది కదా!

మూడు గంటల గుండె దడ ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే, నిద్ర, తిండి కూడా చెడితే, డాక్టరుకి చూపించుకోండి. థైరాయిడ్, రక్తహీనత ఉన్నా దడ వస్తుంది, ముందు అవి చూస్తారు. మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ 14416కి చెయ్యండి, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, రాత్రి పూట కూడా ఎత్తుతారు.

ఇక గోడవార టిఫిన్ సంచి ఆవిడ. మీ నాలుగు పేజీల్లో ఆవిడకి దక్కింది ఒక్క వాక్యం. గుంపులోకి వెళ్ళడం కష్టం, ఒక్క మనిషి దగ్గరికి వెళ్ళడం అంత కష్టం కాదు. మన ఊళ్ళలో పక్కింటివాళ్ళతో స్నేహం ఎలా మొదలయ్యేదో గుర్తుచేసుకోండి, కాఫీ పొడి చేబదులు అడగడంతో. ఇచ్చినవాళ్ళు మనకి దగ్గరవుతారు, తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు ఇంకో పావుగంట కూర్చుంటాం. ఇక్కడ కాఫీ పొడి అడగలేరు, పూలు అడగొచ్చు. దసరా సెలవులకి ముందు స్కూల్లో మళ్ళీ బతుకమ్మ చేస్తారు. గునుగు పూలు ఎక్కడ దొరుకుతాయి, తంగేడు ఎవరు తెస్తారు, వరసలు ఎలా పేర్చాలి, మధ్యలో ఆకులు కూరడం ఎలా అని అడగండి. ఆవిడ తెలంగాణ ఆవిడైతే బతుకమ్మ గురించి అడిగితే ఆగకుండా చెప్తుంది, కాకపోతే ఇద్దరూ కలిసి ఇంకెవరినైనా అడగొచ్చు, అదీ మంచిదే. పొద్దున్నే మార్కెట్‌కి కలిసి వెళ్దామా అంటే కాదనకపోవచ్చు. సంక్రాంతికి గొబ్బెమ్మలు ఎలా పెడతారో మీరు చూపిద్దురుగాని.

పలకరించేటప్పుడు ముందు మీ పేరు చెప్పండి, ఫలానా పాప అమ్మని అనేది ఆ తర్వాత. ఆవిడ పేరు కూడా అడగండి, ఏడాదికి పైగా మీరూ అడగలేదు కదా. సెలవులయ్యాక నాకొక ముక్క రాయండి, గునుగు కట్ట ఎంతకిచ్చారో కూడా.